మైపాడు ఇసుకలో, చెన్నై గ్రీన్ మీద క్లీవ్‌లాండ్ ఆర్‌టీఎక్స్ 6 వెడ్జ్

క్లీవ్‌లాండ్ ఆర్‌టీఎక్స్ 6 జిప్‌కోర్ వెడ్జ్ (గోల్ఫ్‌లో గుంతకు దగ్గరి షాటులకు వాడే, ముఖం బాగా వాలుగా ఉండే క్లబ్బు) కొనొచ్చా అని ఎవరైనా అడిగితే నిక్షేపంగా కొనమని చెబుతాను. మంచి సరుకు. కాకపోతే దాని మీద డబ్బులు పెట్టే ముందు మీ బ్యాగులో ఉన్న బంతి ఏ రకమో ఒకసారి చూసుకోండి. గట్టి పై పొర ఉన్న బంతితో ఎంత ఖరీదైన వెడ్జ్ వాడినా గ్రీన్ (గుంత చుట్టూ బాగా పొట్టిగా కోసిన గడ్డి) మీద పడ్డాక అది పరుగు తీస్తూనే ఉంటుంది. యురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ పొర ఉన్న బంతి అయితే ఓ మాదిరి వెడ్జ్‌తో కొట్టినా రెండో గంతులో పట్టు దొరికి నిలబడుతుంది. బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరుగుతూ పోవడం) గురించి నన్ను అడిగేవాళ్ళంతా వెడ్జ్ గురించే అడుగుతారు కాబట్టి ఇది వెడ్జ్ రివ్యూగానే రాస్తున్నాను. బంతి సంగతి మాత్రం మధ్యలో వస్తూనే ఉంటుంది, దాన్ని వదిలేసి వెడ్జ్ గురించి చెప్పడం కుదరదు.

రొయ్యల మేత కంపెనీ ఉద్యోగం మీద థాయ్‌లాండ్‌లో ఉన్నప్పుడు నాకు ఈ ఆట అలవాటైంది. ఇప్పుడు నెల్లూరులో ఉంటూ ఇందుకూరుపేట వైపు చెరువులు చూసుకుంటున్నాను. రౌండ్ ఆడాలంటే తెల్లవారకముందే హైవే ఎక్కి, నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటి చెన్నై నందనంలోని కాస్మో కోర్సుకు పోతాను. వైజాగ్ పనిబడితే ఈస్ట్ పాయింట్‌లో ఆడతాను. రోజువారీ సాధన మాత్రం మైపాడు దగ్గర ఒక స్నేహితుడి నేలలో. సరుగుడు తోట కొట్టేశాక రెండో పంట వెయ్యకుండా వదిలేసిన చెక్క అది. కింద ఇసుక, పైన అక్కడక్కడా గరిక. సముద్రం కూతవేటులో ఉంటుంది. వెడ్జ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా గట్టి నమ్మకం. స్కాట్లాండ్‌లో ఈ ఆట పుట్టి పెరిగింది కూడా ఇలాంటి సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లోనే. గోల్ఫ్ కోర్సుల్లో పరిచే బెర్ముడా గడ్డి మన గరిక జాతిదే కాబట్టి, సాధన చేసే నేలకూ ఆడే నేలకూ మరీ తేడా కూడా ఉండదు.

నేను తీసుకున్నది 56 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వాలు), మిడ్ సోల్ (మధ్యరకం అడుగు భాగం), 10 డిగ్రీల బౌన్స్ (దీని సంగతి కింద చెబుతాను). స్టీల్ షాఫ్ట్ (కడ్డీ). నెల్లూరు ఉక్కపోతకు అరచేయి తడిసిపోతుంది కాబట్టి నూలు కలిసిన కార్డ్ గ్రిప్ వేయించుకున్నాను. 2025లో కంపెనీ ఆర్‌టీజెడ్ అనే కొత్త మోడల్ తెచ్చింది. ఆ తర్వాత పాత స్టాకు తగ్గింపులో పెట్టినప్పుడు కొన్నాను, పదిహేను వేలకు అటూఇటూగా పడింది.

క్లీవ్‌లాండ్ పేరు వెడ్జ్‌ల్లో పాతదే. రోజర్ క్లీవ్‌లాండ్ 1979లో పెట్టిన కంపెనీ. 1988లో వచ్చిన 588 వెడ్జ్‌తో దీనికి బాగా పేరొచ్చింది. ఇప్పుడు శ్రిక్సన్ బంతులు చేసే జపాన్ వాళ్ళ సంస్థలో భాగం. ఈ ఆర్‌టీఎక్స్ 6లో జిప్‌కోర్ అంటే షాఫ్ట్ దిగే గొట్టం లోపల తేలికైన పదార్థం పెట్టి, అక్కడ మిగిలిన బరువును ముఖం (బంతికి తగిలే పక్క) మధ్యకు జరపడం. చేతికి తెలిసే లాభం ఏమిటంటే, బంతి ముఖం మధ్యలో తగిలినప్పుడు దెబ్బ బరువుగా, మెత్తగా ఉంటుంది. చూడటానికి సన్నటి బ్లేడు తల. మధ్యలో తగలకపోతే ఆ సంగతి చేతికి వెంటనే తెలిసిపోతుంది. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళకు ఇదే కంపెనీ వెనక గుంట ఉండే సీబీఎక్స్ రకం చేస్తుంది, వాళ్ళకు అదే నయం.

ఇక గ్రూవులు, అంటే ముఖం మీద అడ్డంగా ఉండే గాడి గీతలు. మాటల్లో ఎంత చెప్పినా లాభం లేదు, కంటితో చూడాల్సిందే. అందుకని థాయ్‌లాండ్ నుంచి తెచ్చుకున్న పాత వెడ్జ్, ఈ కొత్తదీ రెండూ పట్టుకుని ఆచారి వీధిలో మాకు తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్ళాను. నగల మీద రాళ్ళు చూసే చిన్న భూతద్దం కంటికి బిగించుకుని, ముందు పాతదాన్ని దీపం కింద అటూఇటూ తిప్పారాయన.

“ఏంది సార్ ఇది, మధ్యలో మాత్రమే అరిగింది. చివర్లలో గీత కొత్తదే,” అన్నారు.

భూతద్దం నాకిచ్చారు. నిజమే. బంతి తగిలే చోట రూపాయి బిళ్ళంత మేర గ్రూవుల అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ముక్కు వైపు చివరన అవే గ్రూవుల అంచులు నిటారుగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకే వెడ్జ్ మీద అరిగిన గీత, అరగని గీత పక్కపక్కనే కనిపించాయి. తర్వాత కొత్త వెడ్జ్ చూశాం. గ్రూవుకూ గ్రూవుకూ మధ్య ఉన్న చదును భాగం నున్నగా లేదు. ఇసుక చల్లినట్టు గరుకు, దాని మీద వెంట్రుకవాసి గీతలు. కంపెనీ దీన్ని హైడ్రాజిప్ అంటుంది. తడిలో కూడా పట్టు తప్పకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు. ఆచారి గారు గోటితో ఆ గరుకు మీద ఒకసారి రాసి, “మా ఆకురాయి పళ్ళలాగా పొందిగ్గా వేశారు,” అన్నారు. పొద్దంతా బంగారం అరగదీసే మనిషి నోటి నుంచి వచ్చిన ఆ మాటకు నా దగ్గర ఏ రేటింగూ సాటి రాదు.

ఈ గ్రూవులు ఎంత పదునుగా ఉండొచ్చన్నది కంపెనీ ఇష్టం కాదు. గోల్ఫ్ నియమాలు పెట్టే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు కలిసి 2008లో ప్రకటించి, 2010 నుంచి ప్రొఫెషనల్ పోటీల్లో అమలు చేసిన నియమం ఒకటుంది. 25 డిగ్రీలు, అంతకుమించి లాఫ్ట్ ఉన్న క్లబ్బుల్లో గ్రూవు మొత్తం పరిమాణానికి హద్దు పెట్టారు, అంచుకు కనీసం పావు మిల్లీమీటరు గుండ్రదనం ఉండాలన్నారు. వెడల్పు 0.9 మిల్లీమీటరు, లోతు అర మిల్లీమీటరు దాటకూడదన్నది అంతకుముందు నుంచే ఉన్న లెక్క. ఎత్తుగడ్డిలో పడ్డ బంతిని కూడా ఫెయిర్‌వేలో (పొట్టిగా కోసిన ఆట దారిలో) ఉన్నట్టే ఆపేస్తున్నారని ఆ కట్టడి తెచ్చారు. కాబట్టి ఇవాళ మార్కెట్లో ఉన్న మంచి వెడ్జ్‌లన్నీ ఆ గిరిలోపలే పోటీ పడుతున్నాయి. ఒక బ్రాండ్ నుంచి ఇంకో బ్రాండ్‌కు మారితే స్పిన్ రెండింతలవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

బ్యాక్‌స్పిన్‌కు అసలు కారణం రాపిడి. క్లబ్బు ముఖం వాలుగా ఉంటుంది, దెబ్బ కిందికి దిగుతూ ఉంటుంది. బంతి ఆ వాలు మీద నొక్కుకుని పైకి పాకబోతుంటే ముఖం దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పుతుంది. దెబ్బ తగిలే క్షణంలో ముఖం వాలుకూ, క్లబ్బు దిగే కోణానికీ మధ్య ఉన్న తేడాను స్పిన్ లాఫ్ట్ అంటారు. ముఖం 46 డిగ్రీల వాలులో ఉండి, క్లబ్బు 5 డిగ్రీలు కిందికి దిగుతూ తగిలితే అది 51. ఈ తేడా పెరిగేకొద్దీ స్పిన్ పెరుగుతుంది. అలా అని ఎంతైనా పెరగదు. ఒక హద్దు దాటితే ముఖం బంతిని పట్టుకోలేదు, బంతి జారిపోతుంది. బంతిని గాల్లోకి లేపాలని మణికట్టుతో తోడినట్టు కొట్టేవాళ్ళకు జరిగేది ఇదే. బంతి ఎత్తుగా లేస్తుంది, స్పిన్ ఉండదు, దిగాక పరుగు పెడుతుంది. స్పిన్ బాగా పట్టిన షాట్ చూస్తే బంతి మనం అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులో బయలుదేరుతుంది.

శుభ్రమైన, పొడి నేల మీద గ్రూవులు చేసే పని చాలా తక్కువ. అక్కడ ముఖం గరుకు, బంతి పై పొర, దెబ్బ తగిలిన తీరు, ఈ మూడే లెక్క. బంతికీ ముఖానికీ మధ్య తడో, గడ్డో వచ్చినప్పుడే గ్రూవులకు పని పడుతుంది. వానలో కారు టైరు మీది గాడులు నీళ్ళను పక్కకు తోసినట్టు ఇవి తడినీ గడ్డి రసాన్నీ లోపలికి తీసుకుంటాయి. అప్పుడు కూడా పూర్తి స్పిన్ రాదు. తడి ముఖంతో కొడితే స్పిన్ సగానికి పడిపోవడం మామూలే. కార్తీకమాసపు వానల్లో మైపాడులో తడి గరిక మీద రెండు వెడ్జ్‌లూ మార్చి మార్చి కొట్టి చూశాను. పాత వెడ్జ్ నుంచి బంతి జారిపోయి పైకి లేచేది. ఆర్‌టీఎక్స్ 6 నుంచి కాస్త తక్కువ ఎత్తులో, పట్టు దొరికిన శబ్దంతో పోయేది. పొడి రోజున రెండింటికీ అంత తేడా కనిపించలేదు. వెడ్జ్‌కు పెట్టిన డబ్బు వానాకాలంలోనూ, పొద్దున్నే మంచు మీద ఆడినప్పుడూ తిరిగొస్తుంది.

మా మేనల్లుడు నాతో పాటు వస్తుంటాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, చెయ్యి చురుకు. వాడికి ఉన్న ఆరాటమంతా టీవీలో చూసినట్టు బంతి వెనక్కి పాకాలని.

“మామా, ఇంత గట్టిగా కొట్టినా వెనక్కి రాదేంది?” అని అడుగుతాడు.

టీవీలో కనిపించేవాళ్ళు పిచింగ్ వెడ్జ్‌ను (ఐరన్ క్లబ్బుల సెట్‌తో పాటు వచ్చే వెడ్జ్) గంటకు 80 మైళ్ళకు పైగా వేగంతో తిప్పుతారు. అమెరికా పీజీఏ టూర్‌లో పిచింగ్ వెడ్జ్ స్పిన్ సగటు నిమిషానికి 9,300 చుట్ల దాకా ఉందని షాటులను రాడార్‌తో కొలిచే ట్రాక్‌మాన్ కంపెనీ లెక్క. దానికి తోడు అరగని గ్రూవులు, అప్పుడే కోసిన ఫెయిర్‌వే, నీళ్ళు పెట్టి మెత్తగా ఉంచిన గ్రీన్, చాలాసార్లు ఆటగాడి వైపు వాలు. ఇన్నీ కలిస్తే బంతి వెనక్కి వస్తుంది. అసలు అలా వెనక్కి రావడం వాళ్ళకూ ఇబ్బందే, గుంతలో పాతిన జెండా పక్కన పడ్డ బంతి పదిహేను అడుగులు దూరం పోతే మురిసిపోయేవాడెవడు? మనకు కావలసింది వెనక్కి రావడం కాదు, ఎక్కడ ఆగుతుందో ముందే తెలియడం. ఒక గంతు, రెండో గంతులో బిగపట్టు, రెండడుగుల దొర్లు. ప్రతిసారీ అంతే రావాలి. ఒకసారి అక్కడే ఆగి, ఇంకోసారి ఇరవై అడుగులు దొర్లితే ఆ స్పిన్ మీ చేతిలో లేనట్టే.

అలా ప్రతిసారీ ఒకేలా రావడానికి మైపాడు ఇసుక నాకు బాగా పనికొచ్చింది. పుల్లతో ఇసుక మీద బారుగా గీత గీస్తాను. బంతి పెట్టను. గీతకు అటూఇటూ కాళ్ళు పెట్టి వెడ్జ్ తిప్పుతాను. ఇసుక లేచిన గుర్తు గీత మీద మొదలై ముందుకు ఉండాలి. గీతకు వెనక ఇసుక లేచిందంటే, అక్కడ బంతి ఉండి ఉంటే దానికంటే ముందు నేలకు తగిలినట్టు. అప్పుడు బంతికీ ముఖానికీ మధ్య ఇసుక దూరుతుంది, స్పిన్ పోయినట్టే. గట్టి నేల మీద ఈ తప్పు బయటపడదు, క్లబ్బు గెంతి బంతిని ఎలాగో తగిలేస్తుంది. మ్యాట్ (సాధనకు పరిచే ప్లాస్టిక్ గడ్డి చాప) మీద అయితే అస్సలు బయటపడదు. ఇసుక ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఒంగోలు వైపు ఉన్నవాళ్ళు కొత్తపట్నం ఒడ్డున తడి ఇసుక మీద ఇదే చెయ్యొచ్చు. చేశాక క్లబ్బును మంచినీళ్ళతో కడిగి తుడవడం మాత్రం మరిచిపోకండి.

ఈ సాధనలోనే సోల్ సంగతి కూడా తేలింది. బౌన్స్ అంటే క్లబ్బు అడుగు భాగం ముందు అంచు కంటే ఎంత కిందికి ఉందో చెప్పే కోణం. 1932లో జీన్ సరజెన్ తన క్లబ్బు వెనక సీసపు టంకం అతికించి అడుగును లావు చేసుకుని ఇసుకలో ఆడాడు, ఆ ఏడాదే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఇప్పటి శాండ్ వెడ్జ్‌లకు అదే మూలం. వదులు ఇసుకకు 12, 14 డిగ్రీల బౌన్స్ సుఖం. చెన్నైలో మే నెల ఎండకు గట్టిపడ్డ నేల మీద అంత బౌన్స్ ఉంటే అడుగు గెంతి ముందు అంచు బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి ఎక్కడికో పోతుంది. ఈ మిడ్ సోల్ 10 డిగ్రీలతో రెండు చోట్లా నెట్టుకొస్తుంది. మైపాడు వదులు ఇసుకలో కాస్త తవ్వుతుంది, ఆ మాట దాచను. ముఖం కొద్దిగా తెరిచి (ఆకాశం వైపు తిప్పి) పెడితే సర్దుకుంటుంది. బంకర్లలో (ఇసుక గుంటల్లో) ఎక్కువ ఆడేవాళ్ళు ఫుల్ సోల్ (వెడల్పాటి అడుగు) రకం చూసుకోవచ్చు.

ఇక బంతి. చెన్నైలో గ్రీన్ పక్కన ఇదే వెడ్జ్‌తో 40 గజాల నుంచి రెండు రకాలు కొట్టి చూశాను. ఒకటి రెండు పొరల, అయొనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్ బంతి. ఇంకొకటి శ్రిక్సన్ క్యూ స్టార్ టూర్, మూడు పొరల, యురేథేన్ కవర్ బంతి. మొదటిది ముఖం మీద టక్కుమని తగిలి, దిగాక గ్రీన్ చివరిదాకా పోయింది. రెండోది మెత్తగా అంటుకుని వదిలినట్టు తగిలి, తక్కువ ఎత్తులో పోయి, రెండో గంతులో చక్రానికి బ్రేకు వేసినట్టు కాకుండా నెమ్మదిగా పట్టుబడి, జెండా దగ్గర్లో దొర్లి ఆగింది. చెయ్యి అదే, వెడ్జ్ అదే. యురేథేన్ మెత్తన, గ్రూవుల అంచుల మీద, గరుకు మీద అది పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఫుల్ షాటులో ఈ రెండు రకాల మధ్య తేడా తక్కువగానే ఉంటుంది. 30, 40, 50 గజాల చిన్న షాటుల్లోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మనకు స్ట్రోకులు పోయేదీ అక్కడే. టైట్లిస్ట్ ప్రో వీ1, శ్రిక్సన్ జెడ్ స్టార్ ఈ యురేథేన్ జాతివే, ఖరీదు ఎక్కువ. క్యూ స్టార్ టూర్ వాటి కంటే చవక. డబ్బా మీద పేరు కాదు, కవర్ దేనితో చేశారో చదవండి. “సాఫ్ట్” అని రాసి ఉన్నంత మాత్రాన స్పిన్ రాదు, అది లోపలి గుండు మెత్తదనం. యురేథేన్ అని ఉండాలి.

చవగ్గా వస్తాయని ఆన్‌లైన్‌లో చెరువు బంతులు కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. కోర్సు చెరువుల్లో పడ్డవి ఏరి, కడిగి అమ్మేవి పర్వాలేదు. మళ్ళీ రంగు వేసి, పేరు అచ్చు వేసి అమ్మేవి ఉన్నాయి, అవి వద్దే వద్దు. నేను ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్న సంచిలో ప్రో వీ1 అని అచ్చున్న బంతుల మీద వెడ్జ్ దెబ్బ పడగానే పెయింటు పెచ్చులుగా లేచి గ్రూవుల్లో ఇరుక్కుంది. కింద వేరే గుర్తు కనిపించింది. పై పొర మీద కొత్తగా పెయింటు పడితే అసలు పొర పట్టు ఎంత మంచిదైనా లాభం లేదు.

గ్రూవ్ షార్పెనర్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని వందలకే దొరికే చిన్న ఉక్కు పరికరం, ఆరు రకాల మొనలుంటాయి. అరిగిన గ్రూవును మళ్ళీ గీకి పదును చేస్తుందని అమ్ముతారు. పాత వెడ్జ్ మీద వాడి చూశాను. చేతితో లాగితే గీత వంకర పోతుంది, అంచు ఒకచోట లోతు, ఒకచోట పైపైన. పైగా మధ్యలో ఉన్న గరుకు తిరిగి రాదు, చెప్పాను కదా పొడి నేలలో పని చేసేది ఆ గరుకే. ఇంకో సంగతి, పోటీల్లో ఆడేవాళ్ళకు ఇది ప్రమాదం. మామూలు వాడకంలో అరిగిన క్లబ్బు రూల్ 4.1 ప్రకారం చెల్లుతుంది. మనం కావాలని గీకి కొలతలు హద్దు దాటిస్తే చెల్లదు. బురద తీసుకోవడానికి ఆ పరికరం పనికొస్తుంది గానీ, దానికి అంతకంటే మంచిది ఆచారి వీధిలోనే దొరుకుతుంది. నగలు తోమే ఇత్తడి తీగల బ్రష్షు. ఇత్తడి మెత్తన కాబట్టి ఉక్కు ముఖాన్ని గీరదు. చిన్న నీళ్ళ సీసా, తడిగుడ్డ, పొడిగుడ్డ, ఆ బ్రష్షు. ప్రతి షాటు తర్వాత తోమి తుడుస్తాను. పొద్దున మంచులో ఆడేటప్పుడు షాటు కొట్టే ముందు కూడా ముఖం, బంతి రెండూ పొడిగా ఉన్నాయో లేదో చూస్తాను. ఆట మధ్యలో ఫెయిర్‌వేలో బంతిని ఎత్తి తుడవడానికి వీల్లేదు, ముఖాన్ని తుడవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కొంతమంది క్యాడీలు (బ్యాగు మోసేవాళ్ళు) క్లబ్బు ముఖానికి ఉమ్ము రాయమంటారు. అది రూల్సుకు విరుద్ధం, పైగా తడి చేస్తే స్పిన్ తగ్గుతుంది.

స్పిన్ తగ్గించాల్సిన సందర్భాలు కూడా వస్తాయి, ఈ వెడ్జ్ వాడేవాళ్ళు అది నేర్చుకోకపోతే సగం పనే తెలిసినట్టు. మధ్యాహ్నం దాటాక మైపాడులో సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ గాలికి ఎదురుగా 56 గట్టిగా కొడితే స్పిన్ ఎక్కువై బంతి పైపైకి లేచి, గాల్లో నిలబడిపోయి, సగం దూరంలోనే పడుతుంది. వేగం పెరిగితే స్పిన్ కూడా పెరుగుతుంది మరి. ఎదురుగాలిలో తక్కువ లాఫ్ట్ క్లబ్బు తీసుకుని, గ్రిప్ కాస్త కిందికి పట్టుకుని, సగం ఊపుతో కొట్టాలి. బంతి తక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో గాలి కింద నుంచి పోతుంది. అలాగే జెండా గ్రీన్ వెనక వైపు ఉంటే దాని మీదికి ఎగరేసి ఆపాలని చూడటం కంటే, 50 డిగ్రీల వెడ్జ్‌తోనో, 9 ఐరన్‌తోనో ముందు పడేసి దొర్లనివ్వడం మేలు. ఎత్తుగడ్డిలో పడ్డప్పుడు కూడా అంతే. చిన్న గడ్డిలో ఆర్‌టీఎక్స్ 6 గ్రూవులు కొంత పట్టు నిలుపుతాయి. మడమ లోతు గడ్డిలో ఏ గ్రూవూ ఏమీ చెయ్యలేదు, గడ్డి మధ్యలోకి వచ్చేస్తుంది. బంతి స్పిన్ లేకుండా దూకుతుందని తెలుసుకుని, దొర్లడానికి చోటు లెక్క వేసుకోవాలి.

గది లోపల తెర మీదికి కొట్టి కొలిచే సిమ్యులేటర్ల మీద చూసే స్పిన్ అంకెలతో జాగ్రత్త. చెన్నైలో ఒకచోట ఇదే వెడ్జ్ కొట్టి చూశాను, మ్యాట్ మీద అంకెలు ముద్దుగానే వచ్చాయి. కొన్ని రాడార్ మెషీన్లు గది లోపల బంతి మీద లోహపు స్టిక్కరు లేకపోతే స్పిన్‌ను సరిగ్గా కొలవలేవు, అంచనా వేసి చూపిస్తాయి. పైగా అక్కడ ఇచ్చే బంతి మీ బంతి కాదు. వెడ్జ్ కొనడానికి వాటిని నమ్ముకోకండి, గ్రీన్ మీద మీ బంతితో చూసుకోండి.

మన్నిక మాట. సముద్రం ఒడ్డున సాధన చేసేవాళ్ళు క్రోమ్ పూత ఉన్న టూర్ సాటిన్ రకమే తీసుకోండి. పూత లేని టూర్ రాక్ అని ఇంకో రకం ఉంది, తుప్పు పట్టడం దాని స్వభావం. ఆ తుప్పు వల్ల స్పిన్ పెరుగుతుందని కొందరు చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు, ఎండలో మెరుపు కళ్ళలో పడకపోవడమే దాని లాభం. మన ఉప్పుగాలికి దాన్ని రోజూ నూనెగుడ్డతో తుడుచుకుంటూ కూర్చోవాలి. నాది ఎండాకాలం, వానాకాలం రెండూ చూసింది, పూత చెక్కుచెదరలేదు. ముఖం మధ్యలో గరుకు మాత్రం కాస్త నలిగింది. ఇసుకలో సాధన చేస్తే ఏ వెడ్జ్‌కైనా అరుగుదల త్వరగానే వస్తుంది. అందుకే గీత గీసి చేసే సాధనకు పాత వెడ్జ్ వాడి, దీన్ని బంతి కోసం దాచుకుంటున్నాను. ఏ వెడ్జ్ అయినా 75 రౌండ్లు దాటాక పట్టు తగ్గడం మొదలవుతుందని వెడ్జ్‌లు చేసేవాళ్ళే చెబుతారు. నెలకు ఒకటి రెండు రౌండ్లు ఆడేవాళ్ళకు ఇది కొన్నేళ్ళు వస్తుంది.

డబ్బులు చూసి ఖర్చు పెట్టేవాళ్ళు ముందు యురేథేన్ బంతులు ఒక డజను, ఇత్తడి బ్రష్షు కొనండి. ఒక నెల వాడాక కూడా తడిలో, చిన్న గడ్డిలో బంతి జారుతోందనిపిస్తే అప్పుడు ఈ వెడ్జ్‌కు వెళ్ళండి. వెళ్ళే ముందు మీ ఐరన్ సెట్లో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో కనుక్కోండి. ఈ మధ్య వచ్చే సెట్లలో అది 43, 44 డిగ్రీలకు దిగింది. దాని పక్కన నేరుగా 56 పెడితే మధ్యలో 12, 13 డిగ్రీల ఖాళీ వస్తుంది. ఆ దూరంలో పడ్డ ప్రతిసారీ 56ను బలంగా బాదాల్సి వస్తుంది, లేదా పిచింగ్ వెడ్జ్‌ను కుదించి కొట్టాల్సి వస్తుంది. స్పిన్ చేతిలోంచి జారిపోయేది సరిగ్గా అక్కడే. అలాంటి సెట్ ఉన్నవాళ్ళు ముందు 50 కొనుక్కుని, 56 తర్వాత తీసుకోండి. ఈ మోడల్లో 46 నుంచి 60 దాకా రెండేసి డిగ్రీల తేడాతో ఉన్నాయి.